హీటరు ఫ్యానులో ఈల

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ ఊరంతా చాటింది కాబట్టి, దాచి లాభం లేదు, ముందే ఒప్పేసుకుంటాను. పేరు శ్రీహరిరావు. పుట్టింది రేపల్లె దగ్గర. ఉద్యోగం చేసిందీ, రిటైరయిందీ హైదరాబాదులో. సిగరెట్టు లేదు, పేకాట లేదు, ఉన్నదల్లా ఒక్క పాత కారు. ఎప్పుడో యాభైల్లో ఇంగ్లండులో తయారైన నల్ల కారు. దాన్ని కొన్నది నేనే గానీ ఇన్నేళ్లుగా బతికిస్తున్నది మాత్రం శాలిబండ కైలాసం. ఇది ఆయన కథ, నాది కాదు. నా కోపం మధ్యలో దూరుతుంది, క్షమించండి.

కైలాసం కార్లకు కరెంటు పనులు చేస్తాడు. శాలిబండలో ఓ సందు మొదట్లో కొట్టు, పైన ఇల్లు. నిజానికి ఆయన ఆ పనిలోకి రావలసిన మనిషే కాదు. వాళ్లది బేగంబజారులో తాతల నాటి ఇత్తడి సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం. అన్నదమ్ములంతా తెల్ల బట్టలు కట్టుకుని గద్దె మీద కూర్చునేవాళ్లు. ఈయనకి మాత్రం చిన్నప్పటి నుంచీ తిరిగే వస్తువంటే పిచ్చి. కొట్లో టేబుల్ ఫ్యాను ఆగిపోతే గిరాకీని వదిలేసి దాని ముందు చతికిలబడేవాడట. తండ్రి తిట్టాడు, అన్నలు నవ్వారు. ఈయన ఓ రోజు నడుచుకుంటూ వెళ్లి శాలిబండలో ఉస్తాద్ మొహియుద్దీన్ దగ్గర చేరిపోయాడు. సేట్ల ఇంటి పిల్లాడు మసిలో కూర్చున్నాడని బజారంతా చెప్పుకున్నారు. ఆయన చెవిన వేసుకోలేదు.

ఆ ఉస్తాద్ నేర్పిన విద్య ఒకటుంది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను తిరుగుతున్న మోటరు మీద ఆనించి, చెక్క పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి వినడం. లోపల ఏ బుష్షు అరిగిందో, ఏ తీగె వదులైందో ఆ ఎముకే చెప్పేస్తుందట.

"మీటర్ ఝూట్ బోలేగా మియా, హడ్డీ నై బోల్తీ," అనేవాడట ఉస్తాద్. మీటరన్నా అబద్ధం చెబుతుందేమో గానీ ఎముక చెప్పదని. కైలాసానికి అది వేదవాక్కు. జుట్టు తెల్లబడినా ఇప్పటికీ మోటరు బాగుపడిందో లేదో మీటరును అడగడు, ఎముకనే అడుగుతాడు. అడిగి, కళ్లు మూసుకుని, "సాఫ్" అంటాడు. ఆయన సాఫ్ అన్నాక వెనక్కి తీసుకెళ్లిన బండిని నేనెరగను. మొన్నటి హీటరు ఫ్యాను దాకా.

హైదరాబాదులో కారుకి హీటరేమిటని నవ్వకండి. అందరూ అదే నవ్వు నవ్వుతారు, నాకు ఒళ్లు మండుతుంది. నా కారు చలిదేశంలో పుట్టింది. పత్తర్‌గట్టి ట్రాఫిక్కులో ఇరుక్కుంటే దానికి జ్వరం వస్తుంది. ఇంజను వేడి ముల్లు పైకి లేస్తుంటే, మధ్యలో ఆపడానికి చోటుండదు. అప్పుడు హీటరు పూర్తిగా తిప్పేయాలి. ఇంజనులో కాగిన నీళ్లు డాష్‌బోర్డు కింద ఉన్న చిన్న పెట్టెలోకి వస్తాయి, దాని వెనక ఫ్యాను ఆ వేడినంతా లోపలికి ఊదేస్తుంది. ఇంజను చల్లబడుతుంది, మేం ఉడికిపోతాం. మా ఆవిడ పేరు బాలత్రిపురసుందరి. ఆ పేరు పూర్తిగా పిలిచేలోపు సిగ్నలు పచ్చగా మారిపోతుంది కాబట్టి సుందరి అంటాను. ఎండాకాలంలో కాళ్ల దగ్గర కుంపటి పెట్టుకుని ఊరేగే పిచ్చి మొగుడు తనకు తప్ప లోకంలో ఎవరికీ లేడని తను అంటుంది. నిజమే. ఏం చెప్పమంటారు! ఆ ఫ్యాను లేకపోతే మాత్రం కారు నడిరోడ్డు మీద ఆవిర్లు కక్కుతుంది.

ఆ ఫ్యానే ఆగిపోయింది. తీసుకెళ్తే కైలాసం ఓ బల్బుకి రెండు తీగలు కట్టి పరీక్ష మొదలుపెట్టాడు. ఫ్యూజు దగ్గర బల్బు వెలిగింది. స్విచ్చు దగ్గర వెలిగింది. మోటరు దాకా వెలిగింది. అయినా ఫ్యాను కదలదు.

"కరెంటు పోతున్నది సార్, వాపసు వస్తలేదు," అన్నాడు. "పొయ్యే తొవ్వ ఎంత ముఖ్యమో వచ్చే తొవ్వ గూడ గంతే ముఖ్యం."

బాడీకి బిగించిన ఎర్తు స్క్రూ తుప్పు పట్టి ఉంది. దాన్ని గీకి బిగిస్తే ఫ్యాను ఓసారి ఉలిక్కిపడి మళ్లీ ఆగింది. మోటరు విప్పాడు. లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు అరిగిపోయాయి. ఆ సైజువి ఇప్పుడెక్కడ దొరుకుతాయి? వేరే బండివి పెద్దవి తెచ్చి, గరుకు కాగితం మీద పెట్టి ఓపిగ్గా రుద్ది రుద్ది సరిపోయేలా చేశాడు. బిగించి, తిప్పి, ఎముకను అడిగి, "సాఫ్" అన్నాడు. నేను సంబరంగా ఇంటికి బయల్దేరాను. మదీనా చౌరస్తా దాటేలోపే హీటరు లోంచి ఈల మొదలైంది. సన్నగా, ఆగకుండా, పళ్లు జివ్వుమనేలా.

మర్నాడు తీసుకెళ్లాను. కైలాసం అంతా విప్పి, నూనె వేసి, మళ్లీ బిగించి, ఎముకను అడిగాడు. "బిల్కుల్ సాఫ్ సార్. ఆవాజ్ ఏం లేదు," అన్నాడు. ఫ్యాను మా ఇద్దరి మధ్యా ఈల వేస్తూనే ఉంది! "ఇది ఆవాజు కాదా?" అని అరిచాను. "నా చెవుకు రాలేదంటే లేనట్టే," అన్నాడు నింపాదిగా. పక్క కొట్టు వాళ్లు నవ్వారు. చిర్రెత్తుకొచ్చి ఇంటికొచ్చేశాను.

మూడోసారి సాక్షిగా ఉంటుందని సుందరిని కూడా వెంటబెట్టుకుని వెళ్లాను.

కొట్టు ముందు కారు ఆపి, ఇంజను ఆపకుండా, ఫ్యాను పూర్తిగా తిప్పి వదిలాను. ఈల. సందులో పోయేవాళ్లు కూడా తల తిప్పి చూస్తున్నారు. కైలాసం తలుపు తీసి, డాష్‌బోర్డు కిందికి ఒంగి, స్క్రూడ్రైవరు మోటరుకి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. "సాఫే ఉన్నది గద సార్," అన్నాడు, తల ఎత్తకుండానే.

నాకిక ఓపిక చచ్చింది. ఆయన వెనకే నిలబడి ఉన్నాను. ఆయనకి వినపడితే వినపడనీ అనుకుని సుందరితో అనేశాను. "ముసలాడి పనైపోయింది. చేతకాక బొంకుతున్నాడు. పద, ఇంకెక్కడికైనా పోదాం."

"సార్, గట్లనకుండ్రి," అని పక్క నుంచి ఎవరో అన్నారు.

కైలాసం భార్య విమలాదేవి. టీ గ్లాసులు పట్టుకుని మెట్లు దిగుతూ ఆగిపోయింది. ఎన్నేళ్లుగా ఆ కొట్టుకి వెళ్తున్నానో, ఆమె నాతో గట్టిగా మాట్లాడింది ఎప్పుడూ లేదు. మనిషి నెమ్మది, గొంతు ఇంకా నెమ్మది. "ఆయన్ని ఏమన్న అనుండ్రి గని, పనికి మాత్రం వంక పెట్టకుండ్రి. మేం పడ్తం, ఆ పని పడదు," అంది. ఆమె కళ్లలో నీళ్లు. నాకు తల కొట్టేసినట్టయింది.

కైలాసం మాత్రం వెనక్కి తిరగలేదు. మోటరు వైపే చూస్తున్నాడు.

అది సుందరి గమనించింది. నేను గమనించలేదు, కోపంలో ఉన్నవాడికి ఏం కనిపిస్తుంది? పనిని ఒక్క మాటంటే అగ్గి మీద గుగ్గిలమయ్యే మనిషి, బొంకుతున్నాడని వెనకాల నిలబడి అన్నా ఉలకలేదు. తను విమలాదేవి దగ్గరికి వెళ్లి మెల్లిగా అడిగింది. "మీ ఆయనకి ఈ మాటలేవీ వినపడలేదా అమ్మా?"

"ఇనవడ్తయి. పనోళ్ల మాటలు, గిరాకీల మాటలు అన్నీ ఇనవడ్తయి. నేను పిలిస్తెనే పలకరు," అంది విమలాదేవి. చెప్పాలా వద్దా అని ఓ క్షణం ఆగింది. ఆగలేకపోయింది. "నాల్గేండ్లాయె అమ్మా. మా తమ్ముని కొడుకు పెండ్లిల నేనో మాట జారిన, అందరి ముంగట. అందరూ నవ్విండ్రు. ఈయన గూడ నవ్విండు. ఇంటికొచ్చినంక ఇగ నాతోటి మాట బంద్. మొకం జూపలేక ఎనకకెల్లే పిలుస్త, పిలిస్తె మల్లి సూడరు. అన్నం పెడ్తె తింటరు, లేస్తరు. కూతుర్లు వస్తె మంచిగనే నవ్వుతరు. నేను జేసుకున్నదే, అనుభవిస్తున్న."

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. కూతుళ్లిద్దరూ ఊళ్లోనే ఉన్నా పండగలకీ పబ్బాలకీ వస్తారు, వచ్చినప్పుడు నలుగురు పిల్లలతో ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. మిగతా రోజుల్లో ఈ నెమ్మది గొంతు, ఆ పలకని మనిషి. నాలుగేళ్లు ఆవిడ అలాగే గడిపింది.

సుందరి కారు దగ్గరికి వెళ్లి, వేడి గాలి వచ్చే గొట్టం మూతిలో తన చేతిరుమాలు కుక్కింది. ఈల టక్కున ఆగింది. పక్క కొట్టాయన "హమ్మయ్య" అన్నాడు. రుమాలు తీసింది, ఈల. కుక్కింది, నిశ్శబ్దం. పక్కనే ఒంగి ఉన్న కైలాసానికి ఏ తేడా లేదు. రుమాలు కనపడ్డాక మాత్రం తలెత్తి చూశాడు.

"ఏం జేస్తున్నరమ్మా?"

సుందరి ఆయన మొహంలో మొహం పెట్టి గట్టిగా అడిగింది. "ఇప్పుడు ఈల వస్తోందా కైలాసం గారూ?"

"ఏ ఈల?"

తను రుమాలు తీసింది. "ఇప్పుడు?"

ఆయన నా మొహం చూశాడు, పక్క కొట్టాయన మొహం చూశాడు. మేం మొహాలు చిట్లించడం చూశాడు. తర్వాత స్క్రూడ్రైవరు పక్కన పెట్టి గొట్టం మూతి దగ్గర అరచెయ్యి పెట్టాడు. మెల్లిగా వేళ్లు లోపలికి పోనిచ్చాడు. గొట్టం అంచున అతికించిన రబ్బరు పట్టీ ఒకచోట చిరిగి, గాలికి రెపరెపలాడుతోంది. దాన్ని వేలితో నొక్కాడు. ఈల ఆగింది. మా మొహాలు సర్దుకోవడం చూశాడు. వేలు తీశాడు. మళ్లీ చూశాడు.

ఇంత పెద్ద పనిమంతుడు మా మొహాల్లో శబ్దం వెతుక్కుంటున్నాడు.

"మోటరు సాఫ్ ఉన్నది," అన్నాడు, తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు. "తీగె సాఫ్ ఉన్నది. ఈల గూడ ఉన్నది. నాకు రాలె." అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. "అంటె ఖరాబైంది నేనే గద సార్."

తర్వాత డాక్టరు కూడా ఇదే చెప్పాడు. గాలిలో వచ్చే శబ్దం ఆయన చెవి లోపలికి చేరకుండా మధ్యలోనే ఆగిపోతోంది. ఎముక గుండా వెళ్లేది మాత్రం నిక్షేపంగా చేరుతోంది. ఏళ్ల తరబడి మెల్లమెల్లగా వచ్చిన చెవుడు, చిన్న మిషను పెడితే సర్దుకుంటుందన్నాడు. ఎవరికైనా ముందే తెలిసేది. కైలాసానికి ఎట్లా తెలుస్తుంది? రోజంతా ఎముకతో వినే మనిషి. మోటర్లన్నీ ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాయి. గిరాకీలు ఎదురుగా నిలబడి సందు చప్పుడు మీద అరిచి చెబుతారు. చెవులు దివ్యంగా ఉన్నాయనే అనుకున్నాడు. వినపడనిది ఒక్కటే, వెనక నుంచి మెల్లిగా పిలిచే గొంతు.

ఆ గొంతు ఇప్పుడు ఆయన వెనకే ఉంది. విమలాదేవి టీ గ్లాసులు మెట్టు మీద పెట్టి, రెండడుగులు వేసి, ఎప్పటిలాగే పిలిచింది. "ఇగో, ఇంటున్నరా?"

ఆయన కదల్లేదు.

"ఇగో..."

మాకందరికీ వినపడుతోంది. ఆయన వేళ్లకంటిన మసి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత చుట్టూ తిరిగి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"నా మాట మీకు ఇనవడ్తలేదా? ఇన్నొద్దులు ఇనవడలేదా?"

ఆయన ఆమె పెదవుల వైపు చూశాడు. అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆ మొహం చూడలేకపోయాను.

"నువ్వు మాట్లాడుతున్నవా?" అన్నాడు. "ఇంట్ల... నాతోటి నువ్వు మాట్లాడుతనే ఉన్నవా?"

"మాట్లాడకేం జేస్త?"

"నువ్వే బంద్ జేసినవనుకున్న విమలా. పెద్దింటి పిల్లవు, మసోనికి ఇచ్చిండ్రు. ఇన్నేండ్లు ఓర్సుకున్నది, ఇగ యాష్టకొచ్చింది, ఇగ నాతోటి మాటలేందని ఊకున్నదనుకున్న. నేనేం జేస్త? నిన్ను సతాయించొద్దని నేను గూడ ఊకున్న."

సుందరి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెళ్లిపోదామని నాకూ అనిపించింది గానీ వెళ్లలేదు. ఇంజను ఆపేశాను, అంతే.

విమలాదేవి ఏదో అంది, వినీవినపడకుండా. అలవాటైన గొంతు ఒక్కసారిగా పెరుగుతుందా!

"ఏందీ? జెర గట్టిగ జెప్పు."

"రోజూ మాఫీ అడిగిన," అంది ఆమె, గొంతు పెంచి. "మీరు అటు మల్లి పండుకుంటరు గద. మీ ఎనకాల్నే కూసొని అడిగిన. ఎన్నడూ పలకలె. మాఫ్ జెయ్యలేదనుకున్న."

"దేనికి మాఫీ?"

"పెండ్లిల అన్నదానికి."

"పెండ్లిల ఏమన్నవ్?"

ఆమె తెల్లబోయింది. "మీరు పక్కకే ఉన్నరు. మీరు గూడ నవ్విండ్రు."

"బ్యాండు మోగుతుండె. నువ్వేమో అన్నవ్, అందరూ నవ్విండ్రు. నేను నవ్వకపోతే మంచిగుండదని నేను గూడ నవ్విన," అన్నాడు కైలాసం. "నాకేం ఇనవడలె."

ఆ మాట ఆయనకి చేరనే లేదు. చేరని మాటకి ఆవిడ నాలుగేళ్లు ఆయన వీపుకి క్షమాపణ చెప్పుకుంది. ఇప్పుడిక చెప్పనవసరం లేదు. ఏదో ఊరికే అన్నానంటే సరిపోతుంది, నోరు జారిన మాట ఆ బ్యాండు మోతలోనే పోతుంది. సుందరి కూడా తల అడ్డంగా ఊపింది, వద్దమ్మా వదిలెయ్యి అన్నట్టు. నేనైతే వదిలేసేవాణ్ణి. ఎవరైనా అంతే.

విమలాదేవి వదల్లేదు. కొంగు బిగించి దోపుకుంది. పుట్టినప్పటి నుంచీ ఎవరిమీదా గొంతెత్తని ఆ మనిషి, సందులో వాళ్లంతా చూస్తుండగా, ఒక్కో మాటా విడదీసి గట్టిగా చెప్పింది.

"మీ ఆయనేం జేస్తడని పిల్ల తరపోళ్లు అడిగిండ్రు. తక్కెడ పట్టాల్సిన చేతికి మసి పూసుకున్నడు, ఆ మసి తుడుసుకుంటనే నా బతుకంత పోయిందన్న. మా పుట్టింటోళ్లు నవ్వాల్నని అన్న. అది మీ ముంగట అన్న. తప్పైంది. నన్ను మాఫ్ జెయ్యుండ్రి."

 కైలాసం తల దించుకున్నాడు. ఎంతసేపటికీ ఏమీ అనలేదు. ఆమెకు భయం పట్టుకుంది. వినపడలేదేమో, మళ్లీ చెప్పాలేమోనని ఊపిరి పీల్చుకుని నోరు తెరిచింది.

ఆయన వద్దని చెయ్యెత్తాడు.

"ఇనవడ్డది," అన్నాడు. లేచి, తన స్టూలు ఆమె వైపు జరిపాడు. కళ్లు తుడుచుకుంటే చెంప మీద మసి అంటుకుంది. "ఇనవడ్డది విమలా. కూసో. ఈ నాల్గేండ్లు ఇంకేమేం జెప్పినవో అన్నీ మల్ల జెప్పు. గట్టిగ జెప్పు."